డొమైన్ గడువు తీరి మాయమైన నాన్నగారి తెలుగు బ్లాగు: ఎక్కడెక్కడ వెతకాలి, ఎలా దించుకోవాలి

అన్నిటికంటే ముందు ఒక మాట, మిగతాది తర్వాత నెమ్మదిగా చదువుకోవచ్చు. మీ నాన్నగారి ఫోన్ నంబరుకి రీచార్జ్ ఆపకండి. ఆ సిమ్ తీసి ఏదో ఒక ఫోన్లో వేసి ఉంచండి. ఆయన జీమెయిల్‌కైనా, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచిన కంపెనీ) అకౌంట్‌కైనా, డొమైన్ కొన్న చోటుకైనా ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. కొన్ని నెలలు వాడకపోతే నంబరు కట్ అయ్యి ఇంకెవరికో వెళ్లిపోతుంది, ఇక ఆ తర్వాత మనం ఎన్ని ప్రూఫులు చూపించినా పని చాలా కష్టం.

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: నాన్నగారు 2006లో కొన్నాళ్లు బ్లాగ్‌స్పాట్‌లో రాసి, 2007 నుంచి 2014 దాకా సొంత డాట్ కామ్ మీద వర్డ్‌ప్రెస్‌లో రాశారు, ఆ తర్వాత ఫేస్‌బుక్‌లో రాసేవారు. పోయినేడాది ఆయన కాలం చేశారు. కార్డు ఆగిపోవడంతో డొమైనూ హోస్టింగూ రెండూ రెన్యూ కాలేదు. ఇప్పుడు అడ్రస్ కొడితే ఏవో యాడ్స్ వస్తున్నాయి, ఐదారు వందల పోస్టులు ఉండాలి, మీ దగ్గర ఒక్క కాపీ కూడా లేదు. ఇలాంటి కేసులు నేను చాలా చూశాను, మొత్తం పోయిందని అనుకున్నవాళ్లకి కూడా సగానికి పైగా దొరకడం చూశాను, కాబట్టి ధైర్యంగా ఉండండి. కానీ ఓపిక కావాలి, ఎందుకంటే ఒకే చోట మొత్తం దొరకదు, పది చోట్ల నుంచి కొంచెం కొంచెంగా ఏరుకోవాలి.

ఇంకోటి, పని మొదలుపెట్టే ముందే గట్టిగా అనుకోండి. దొరికింది దొరికినట్టు, ఏమీ మార్చకుండా ముందు దించుకోవాలి. అక్షరాలు పిచ్చిపిచ్చిగా కనిపించినా సరే, ఫొటోలు రాకపోయినా సరే. బాగుచేయడం అంతా తర్వాత, అదీ కాపీ మీదే. ఎందుకింత పట్టుబడుతున్నానో కింద తెలుగు అక్షరాల సంగతి దగ్గర చెప్తాను.

ఇక డొమైన్. డొమైన్ పేర్ల రిజిస్ట్రేషన్ వివరాలు చూపించే హూఈజ్‌లో మీ డొమైన్ పేరు కొట్టి స్టేటస్ ఏముందో చూడండి. డాట్ కామ్ అయితే గడువు తీరగానే వెంటనే పోదు, రిజిస్ట్రార్‌ని (డొమైన్ పేరు అమ్మిన కంపెనీని) బట్టి 45 రోజుల వరకు గ్రేస్ ఇస్తారు, మామూలు ఫీజుతోనే రెన్యూ చేసుకోవచ్చు. అదీ దాటితే రిడెంప్షన్ అని 30 రోజులు ఉంటుంది, అప్పుడు అదనంగా గట్టిగానే వసూలు చేస్తారు కానీ పేరు మాత్రం మనదే. చివర్లో పెండింగ్ డిలీట్ అని 5 రోజులు, అప్పుడు ఎవరూ ఏం చేయలేరు, ఆ తర్వాత ఎవరు ముందు కొంటే వాళ్లది. యాడ్స్ వస్తున్నాయంటే ఎవరో కొనేశారనే అర్థం కాదు, గడువు తీరిన పేర్లని రిజిస్ట్రార్లే అలా పార్క్ చేస్తుంటారు. రిడెంప్షన్‌లో ఉంటే డబ్బులెక్కువైనా కట్టేయమనే నా సలహా, ఎందుకంటే ఇన్నేళ్లలో ఎంతమంది ఆ పోస్టులకి లింకులు ఇచ్చి ఉంటారో, పేరు మన చేతిలో ఉంటే అవన్నీ మళ్లీ బతుకుతాయి. ఎవరైనా కొనేసి ఉంటే మాత్రం వాళ్లతో బేరాలు పెట్టుకోకండి, మనకి కావాల్సింది రాతలు.

హోస్టింగ్ కంపెనీకి ఈరోజే మెయిల్ పెట్టండి. అకౌంట్ ఆపేశాక కూడా కొన్ని వారాలు బ్యాకప్ ఉంచే కంపెనీలు ఉన్నాయి, అడిగితేనే ఇస్తారు. సైటు మొత్తం అక్కర్లేదు, డేటాబేస్ డంప్, అంటే డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా తీసిన కాపీ, ఒక్కటి ఇవ్వమనండి, వర్డ్‌ప్రెస్‌లో రాతలన్నీ, కామెంట్లతో సహా, అందులోనే ఉంటాయి. అది దొరికితే కింద నేను రాసేదాంట్లో ముప్పావు వంతు మీకు అవసరమే లేదు.

తర్వాత నాన్నగారి మెయిల్‌బాక్స్. పాస్‌వర్డ్ లేకపోతే చనిపోయినవారి అకౌంట్ విషయంలో కుటుంబసభ్యులు దరఖాస్తు పెట్టుకోడానికి గూగుల్‌లో ఒక ఫారం ఉంది, మరణ ధృవీకరణ పత్రం అడుగుతారు, టైం పడుతుంది, ఇస్తారన్న గ్యారంటీ కూడా లేదు, అయినా పెట్టండి. రెండేళ్లు వాడని పర్సనల్ గూగుల్ అకౌంట్లని తీసేస్తామని 2023లో రూల్ పెట్టారు కాబట్టి ఆలస్యం చేయకండి. అకౌంట్ పోతే దాని కింద ఉన్న బ్లాగ్‌స్పాట్ బ్లాగు కూడా పోతుంది, మీ 2006 రాతలు ఉన్నది అక్కడేనని మర్చిపోవద్దు. లోపలికి వెళ్లగలిగితే గూగుల్ టేకౌట్‌తో (అకౌంట్‌లో ఉన్న డేటా దించుకునే గూగుల్ సర్వీసు) బ్లాగర్ డేటా, మెయిల్ రెండూ మొత్తం దించేసుకోండి.

మెయిల్‌లో ఏం వెతకాలంటే, ఆ రోజుల్లో వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు డేటాబేస్ బ్యాకప్ ప్లగిన్ ఒకటి పెట్టుకునేవాళ్లు, అది వారానికోసారి మొత్తం డేటాబేస్‌ని జిప్ లాంటి ఫైలుగా చుట్టి అడ్మిన్‌కి మెయిల్ చేసేది. జీజెడ్ అని చివర ఉండే అటాచ్‌మెంట్ల కోసం వెతకండి. చాలామందికి తమ మెయిల్‌లో అది పడి ఉన్న సంగతే తెలీదు. అది లేకపోయినా కామెంట్ వచ్చినప్పుడల్లా వచ్చిన నోటిఫికేషన్లు ఉంటాయి కదా, ఒక్కోదాంట్లో పోస్టు పేరు, లింకు, కామెంటు మొత్తం ఉంటుంది. అవన్నీ కలిపితే ఏయే పోస్టులు ఉండేవో లిస్టు తయారవుతుంది, ఈ లిస్టు తర్వాత చాలా చోట్ల పనికొస్తుంది.

పాత కంప్యూటర్ ఉందా? పాత సామాన్ల వాడికి ఇచ్చేశారా? ఉంటే దాన్ని ఫార్మాట్ చేయకండి, ఎవర్నీ చేయనివ్వకండి. అప్పట్లో చాలామంది విండోస్ లైవ్ రైటర్ అనే ప్రోగ్రాంలో రాసి పబ్లిష్ చేసేవాళ్లు. అది మై డాక్యుమెంట్స్ లోపల మై వెబ్‌లాగ్ పోస్ట్స్ అనే ఫోల్డర్లో ప్రతి పోస్టునీ, డ్రాఫ్టుల్నీ దాచేది, ఫైలు చివర డబ్ల్యూపోస్ట్ అని ఉంటుంది. లేఖిని అనే తెలుగు టైపింగ్ సైట్లో టైపు చేసి నోట్‌ప్యాడ్‌లో దాచుకునే అలవాటున్న వాళ్లవి టెక్స్ట్ ఫైళ్లు దొరుకుతాయి. పాత నోట్‌ప్యాడ్‌లో ఆన్సీ అనే, తెలుగు పట్టని పద్ధతిలో సేవ్ అయిపోతే మాత్రం తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోయి ఉంటుంది, ఇక దానిలోంచి ఏం రాదు.

ఇప్పుడు అందరూ చెప్పే వేబ్యాక్ మెషీన్‌కి వద్దాం, అది పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టి చూపించే సైటు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌ని 1996లో బ్రూస్టర్ కేల్ మొదలుపెట్టారు, వేబ్యాక్ మెషీన్ 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. మామూలుగా జనం ఏం చేస్తారంటే హోమ్‌పేజీ అడ్రస్ కొట్టి, క్యాలెండర్‌లో ఒక తారీఖు నొక్కి, అక్కడ ఒక పోస్టు తెరుచుకోకపోతే అయ్యో లేదు అని వదిలేస్తారు. అలా కాదు. మీ అడ్రస్ చివర స్లాష్ పెట్టి నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి, ఆ డొమైన్ కింద వాళ్ల దగ్గర ఉన్న అడ్రస్‌లన్నీ లిస్టుగా వస్తాయి. ఆ లిస్టునే ప్లెయిన్ టెక్స్ట్‌గా దించుకోడానికి వాళ్లదే సీడీఎక్స్ అనే సర్వర్ ఉంది. అందులో ఒక్కో వరుసలో అడ్రస్, 14 అంకెల టైమ్, ఫైల్ రకం, స్టేటస్ కోడ్ ఉంటాయి. 200 అని ఉన్నవే అసలు పేజీలు, 301, 302 అంటే వేరే చోటికి తోసినవి, 404 అంటే ఖాళీ. ఇక్కడ ఒక జాగ్రత్త, డొమైన్ గడువు తీరాక వచ్చిన యాడ్స్ పేజీలు కూడా 200 అనే చూపిస్తాయి, అందుకే గడువు తీరిన తారీఖుకి ముందువి మాత్రమే తీసుకోండి.

ఆ 14 అంకెలు అంటే సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను వరసగా, గ్రీన్‌విచ్ టైమ్‌లో. వేబ్యాక్ మామూలుగా చూపించే పేజీలో పైన వాళ్ల టూల్‌బార్ ఉంటుంది, లింకులన్నీ వాళ్ల అడ్రస్‌లకి మార్చేసి ఉంటాయి, అలాగే సేవ్ చేస్తే తర్వాత శుభ్రం చేయడానికి ప్రాణం పోతుంది. బ్రౌజర్ అడ్రస్‌లో ఆ 14 అంకెల వెంటనే ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఐ, డి, ఆ వెంటనే అండర్‌స్కోర్ కలిపి ఎంటర్ కొట్టండి, అప్పట్లో వాళ్లు దాచిన ఒరిజినల్ పేజీ ఏ మార్పూ లేకుండా వస్తుంది. ఇదంతా చేతితో చేయలేం అనుకుంటే వేబ్యాక్ మెషీన్ డౌన్‌లోడర్ అని ఫ్రీ ప్రోగ్రాం ఉంది, ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే నడిపిస్తారు. నెమ్మదిగా నడపమనండి, స్పీడుగా లాగితే వాళ్ల సర్వర్ మనల్ని కాసేపు ఆపేస్తుంది. అయినా అది విరాళాల మీద నడిచే సంస్థ, వాళ్ల మీద భారం వేయకూడదు. డబ్బులిస్తే సైటు మొత్తం తెస్తాం అనే వెబ్‌సైట్లు కనిపిస్తాయి, వాటిలో చాలావరకు చేసేది ఇదే పని, ముందుగా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

విడి పోస్టు లేకపోతే వదిలేయొద్దు అన్నాను కదా, ఎందుకంటే అదే పోస్టు వేరే నాలుగు చోట్ల ఉంటుంది. నెలవారీ ఆర్కైవ్ పేజీలో, కేటగిరీ పేజీలో, హోమ్‌పేజీలో, అన్నిటికంటే ముఖ్యంగా ఫీడ్‌లో, అంటే కొత్త పోస్టుల్ని వేరే సైట్లకి, పాఠకులకి అందించడానికి బ్లాగు తనే తయారుచేసే ఫైల్లో. వర్డ్‌ప్రెస్ ఫీడ్ మామూలుగా చివరి 10 పోస్టులు ఇస్తుంది, ఫుల్ టెక్స్ట్ అని పెట్టుకుని ఉంటే మొత్తం రాత ఉంటుంది. 2009లో ఐదుసార్లు, 2010లో ఎనిమిదిసార్లు ఆ ఫీడ్‌ని వేబ్యాక్ తీసి ఉంటే ఒక్కోసారి 10 చొప్పున ఎన్ని పోస్టులో చూడండి. పైగా ఫీడ్‌లో తారీఖు, రచయిత, కేటగిరీ అన్నీ విడివిడిగా పద్ధతిగా ఉంటాయి కాబట్టి కొత్త వర్డ్‌ప్రెస్‌లోకి ఎక్కించడం కూడా తేలిక. కామెంట్లకి వేరే ఫీడ్ ఉంటుంది, అదీ చూడండి.

తెలుగు బ్లాగులకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది, అడ్రస్‌లు. పోస్టు పేరు తెలుగులో ఉంటే వర్డ్‌ప్రెస్ దాన్ని శాతం గుర్తులతో అంకెలతో రాస్తుంది, ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి కూడా, 9 క్యారెక్టర్లు పడతాయి, డేటాబేస్‌లో ఆ జాగా 200 క్యారెక్టర్లే, అంటే 22 దాటితే పేరు మధ్యలో తెగిపోతుంది. కాబట్టి పోస్టు పేరు తెలుసు కదా అని అడ్రస్ మనమే ఊహించి కొడితే రాదు. బ్లాగ్‌స్పాట్ అయితే పేరు పూర్తిగా తెలుగులో ఉంటే అన్నిటికీ బ్లాగ్ పోస్ట్ అనే పెట్టి వెనక ఏదో అంకె తగిలించేది, దాన్ని చూసి ఏ పోస్టో ఎవరికీ తెలీదు. అందుకే లిస్టులో అడ్రస్ చూసి వద్దులే అనుకోకుండా అన్నీ దించండి.

గూగుల్ క్యాష్ (గూగుల్ దాచుకున్న పేజీ కాపీ) చూడమని పాత సలహాలు ఎక్కడైనా కనిపిస్తే వదిలేయండి, 2024లో గూగుల్ అది తీసేసింది. ఆర్కైవ్ డాట్ టుడేలో ఒకసారి వెతకండి, ఎవరైనా ఒక పేజీని దాచి ఉండొచ్చు. కామన్ క్రాల్ అని ఇంకో పెద్ద నిల్వ ఉంది, వాళ్ల ఇండెక్స్‌లో డొమైన్ పేరుతో వెతకొచ్చు, వేబ్యాక్‌లో లేనివి అక్కడ దొరుకుతుంటాయి.

ఇవన్నీ మెషీన్లు. మనుషుల్ని మర్చిపోకండి. 2007 నుంచి 2014 అంటే తెలుగు బ్లాగుల మంచి రోజులు, కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు (అన్ని బ్లాగుల కొత్త పోస్టుల్నీ ఒకే చోట చూపించే సైట్లు) నడిచిన కాలం. కూడలి ఇప్పుడు లేదు, కానీ దాని పేజీలు వేబ్యాక్‌లో ఉన్నాయి, వాటిలో ఏ రోజు ఎవరు ఏ పేరుతో ఏం రాశారో, మొదటి కొన్ని లైన్లతో కనిపిస్తుంది. మీ లిస్టు పూర్తి చేసుకోడానికి అంతకంటే మంచి చోటు లేదు. తర్వాత నాన్నగారి బ్లాగులో తరచుగా కామెంట్లు పెట్టినవాళ్లని పట్టుకోండి. అప్పట్లో చాలా బ్లాగులకి ఫీడ్‌బర్నర్ అనే గూగుల్ సర్వీసు ద్వారా ఈమెయిల్ చందా ఉండేది, కొత్త పోస్టు రాగానే మొత్తం రాత పాఠకుల మెయిల్‌కి వెళ్లేది. ఆ ఈమెయిల్ చందా 2021లో ఆగింది కానీ వచ్చిన మెయిళ్లు వాళ్ల ఇన్‌బాక్స్‌లో అలాగే ఉంటాయి, ఎవరూ డిలీట్ చేయరు. మీ బ్లాగు పేరుతో జీమెయిల్‌లో ఒక్కసారి వెతకండి, దొరికినవి ఫార్వర్డ్ చేయండి అని అడగండి. సంతోషంగా చేస్తారు, వాళ్లకి ఆయన రాతల మీద అభిమానం లేకపోతే అన్నేళ్లు చదివేవాళ్లే కాదు కదా.

ఇక తెలుగు అక్షరాల సంగతి. దించుకున్న పేజీలోనో డేటాబేస్‌లోనో తెలుగుకి బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు, లేదంటే ప్లస్ కింద మైనస్ గుర్తు, ఇవే మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయా? అయితే కంగారు పడకండి, అది తెలుగే, భద్రంగా ఉంది. కంప్యూటర్ అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, మొదటి బైటు అన్ని తెలుగు అక్షరాలకీ ఒకటే, రెండోది రెండే రకాలు, మూడోది ఒక్కటే అక్షరాన్ని బట్టి మారుతుంది. ఆ 3 బైట్లని మూడు వేరువేరు లాటిన్ అక్షరాలు అనుకుని చూపించడం వల్ల అలా కనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ వాడే డేటాబేస్ ప్రోగ్రాం మైఎస్‌క్యూఎల్, దాని పాత వెర్షన్లలో టేబుళ్లు లాటిన్-1 (ఇంగ్లీషు లాంటి భాషల అక్షరాల పట్టిక) అని ఉండేవి కాబట్టి అప్పటి బ్లాగుల్లో ఇది చాలా మామూలు. డంప్‌ని లాటిన్-1గా ఎక్స్‌పోర్ట్ చేసి, లోపల క్యారెక్టర్ సెట్ అని ఉన్న చోట యూటీఎఫ్-8 అని మార్చి, మళ్లీ ఇంపోర్ట్ చేస్తే తెలుగు తిరిగొస్తుంది. అదే వరసగా ప్రశ్నార్థకాలు మాత్రమే ఉంటే ఆ కాపీ పనికిరాదు, ఇంకో కాపీ చూసుకోవాల్సిందే.

దొరికింది దొరికినట్టు ఉంచమని మొదట్లో అన్నది దీని కోసమే. ఆ పిచ్చి అక్షరాల్ని చూసి చాలామంది కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేసి దాచుకుంటారు. మన పొల్లు గుర్తు ఉంది చూశారా, దాని మూడో బైటుకి విండోస్ లాటిన్ పట్టికలో అక్షరమే లేదు, కంటికి కనిపించదు, కాపీ పేస్ట్‌లో జారిపోతుంది. తర్వాత తెలుగులోకి మారిస్తే వత్తులన్నీ విడిపోతాయి, అమ్మ కాస్తా అమమ అవుతుంది. ఏ, ఐ, ఝ అక్షరాలకీ ఇదే గతి. భ అయితే మూడో బైటు కనిపించని హైఫన్, ఠ అయితే ఒక రకం ఖాళీ జాగా, ప్రోగ్రాములు వాటిని చెత్త అనుకుని తుడిచేస్తాయి. ఫైలుని ఫైలుగానే ఉంచితే ఒక్క అక్షరం కూడా పోదు.

ఇది కాకుండా ఇంకో రకం ఉంది, ఒకప్పుడు పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడేవి, నాన్నగారు ఏదైనా పేపర్ సైట్లో వ్యాసాలు రాసి ఉంటే ఆ పేజీలు ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా కనిపిస్తాయి. పేజీ సోర్సులో ఫాంట్ పేరు రాసి ఉంటుంది, అది రాసిపెట్టుకోండి. అలాంటివాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది, అదే పద్ధతిలో పనిచేసే మార్పిడి ప్రోగ్రాములు ఇప్పటికీ దొరుకుతాయి.

మొత్తం చేతికి వచ్చాక మళ్లీ అదే పద్ధతిలో వర్డ్‌ప్రెస్ పెట్టి ఏటా హోస్టింగ్ కట్టే పని పెట్టుకోవద్దు. రాసేవాళ్లు లేని సైటుకి డేటాబేస్ ఎందుకు, అప్‌డేట్ చేయకపోతే హ్యాక్ అవుతుంది. అన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చేయండి, అది ఎక్కడైనా ఫ్రీగా కూడా నడుస్తుంది. ఆ సైటు పేజీలన్నీ వేబ్యాక్‌లో సేవ్ పేజ్ నౌ నొక్కి ఎక్కించండి, అకౌంట్ పెట్టుకుంటే పేజీలో ఉన్న లింకుల్ని కూడా కలిపి సేవ్ చేసే ఆప్షన్ వస్తుంది. పుస్తకంలా పీడీఎఫ్ చేస్తే చేయండి, కానీ పీడీఎఫ్ ఒక్కటే ఉంచకండి, తెలుగు పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే అక్షరాలు చాలాసార్లు చెదిరిపోతాయి, పక్కన ప్లెయిన్ టెక్స్ట్ ఫైళ్లు ఉండాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక ఐటమ్‌గా పెట్టొచ్చు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవే కాబట్టి మీ ఇంట్లోవాళ్లందరూ ఒప్పుకుంటే చాలు. అక్కడ కూడా ఒక్క చోటే అని నమ్ముకోకండి, 2024 అక్టోబరులో దాడి జరిగినప్పుడు ఆ సైటే కొన్ని రోజులు పనిచేయలేదు. మీ దగ్గర హార్డ్ డిస్కులో ఒకటి, అమెరికాలో ఉన్న చెల్లెలి దగ్గర ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి.

2014 తర్వాత ఆయన ఫేస్‌బుక్‌లో రాసేవారన్నారు కదా, అది వేబ్యాక్‌కి అందదు, లాగిన్ వెనక ఉంటుంది. ఆయన అకౌంట్‌లోకి వెళ్లే దారి ఉంటే మెమోరియల్‌గా (చనిపోయినవారి స్మారక పేజీగా) మార్పించే ముందే డేటా డౌన్‌లోడ్ పెట్టండి, అందులో ఫార్మాట్ అడిగినప్పుడు జేసన్ వద్దు, హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి, జేసన్‌లో తెలుగంతా పైన చెప్పిన మూడు ముక్కల గందరగోళంగానే వస్తుంది.

ప్యూ రీసెర్చ్ అనే అమెరికా పరిశోధన సంస్థ వాళ్లు 2024లో లెక్క తీశారు, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకి కనిపించడం లేదట. యాహూ గ్రూప్స్‌లో రచ్చబండ లాంటి చోట్ల మన వాళ్లు ఏళ్ల తరబడి సాహిత్యం గురించి వాదించుకున్నారు, 2019 డిసెంబరులో యాహూ తన సైటు నుంచి పాత మెసేజ్‌లన్నీ తీసేసింది. అప్పుడు తమ గ్రూపు మెసేజ్‌లు దించుకున్నవాళ్ల దగ్గర అవి మిగిలాయి. మీకు ఇంకా దారులు ఉన్నాయి, కొన్నిటికి మాత్రం గడువు దగ్గర్లో ఉంది.

ముందు హూఈజ్‌లో స్టేటస్ చూసి అది ఏముందో, గడువు తారీఖు ఎప్పుడో ఇక్కడ రాయండి, వేబ్యాక్‌లో నక్షత్రం పెట్టి వెతికితే ఎన్ని అడ్రస్‌లు వచ్చాయో కూడా చెప్పండి. పాత కంప్యూటర్ ఆన్ కాకపోతే బలవంతంగా ఆన్ చేయకుండా హార్డ్ డిస్క్ మాత్రం తీయించి పెట్టుకోండి, దాన్ని వేరే కంప్యూటర్‌కి ఎలా తగిలించాలో అప్పుడు చెప్తాను.